పాత కంప్యూటరును మేల్కొలుపుటకు ముందు

ముద్దనూరు దగ్గరనున్న రాయలసీమ ఉష్ణ విద్యుత్ కేంద్రములో 1994 నుండి విద్యుత్తు ఉత్పత్తి అగుచున్నది. అక్కడ పుట్టిన విద్యుత్తు 2,20,000 వోల్టులతో దూరప్రయాణమునకు బయలుదేరును. సబ్‌స్టేషన్లలో మెట్టుమెట్టుగా దిగి, 33,000 వోల్టులై, తరువాత 11,000 వోల్టులై, వీధి చివరనున్న ట్రాన్స్‌ఫార్మరు దాటి, మన ఇంటి గోడలోని సాకెట్టుకు 230 వోల్టులై చేరును. ఫ్యానునకు, మిక్సీకి ఈ 230 చాలును. కాని కంప్యూటరులోని చిప్పులకు ఇది విషము. పాత గృహ కంప్యూటరులలోని చిప్పులకు కావలసినది 5 వోల్టులు మాత్రమే, 4.75కు తగ్గరాదు, 5.25కు మించరాదు. 230 నుండి 5కు దిగు ఈ చివరి మెట్టును నిర్వహించునది ఒక చిన్న పెట్టె. దానిని మెకానిక్కులు పవర్ సప్లై అందురు. మనము సరఫరా పెట్టె అందము.

పాత కంప్యూటరులో మొదట ముసలిదగునది ఈ పెట్టెయే. అది చెడినచో తాను మాత్రమే చెడదు. కంప్యూటరును చంపవచ్చును, ఒక్కొక్కప్పుడు తెరచినవానిని కూడ చంపవచ్చును. ఏండ్లతరబడి అలమారులో పడియున్న యంత్రమును సాకెట్టుకు తగిలించి చూతమను కోరిక ఎవరికైన కలుగును. ఆ కోరికను ఒకరోజు ఆపుకొనవలెనని చెప్పుటకే ఈ వ్యాసము.

జమ్మలమడుగులో పొగ

గత వేసవిలో జమ్మలమడుగులో సైన్సు బోధించు మిత్రులొకరు నాకు ఫోను చేసిరి. ఒక పాఠశాల సామాను గదిలో, పాత పటముల క్రింద, వారికి ఒక కంప్యూటరు దొరికినది. అది బి.బి.సి. మైక్రో. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరమున ఎకార్న్ సంస్థ రూపొందించిన ఈ యంత్రము 1981 డిసెంబరులో వెలువడినది. 1984-85లో కేంద్ర ప్రభుత్వము 'క్లాస్' అను కంప్యూటరు అక్షరాస్యతా పథకమును ఆరంభించినప్పుడు, దేశములో ఎంపికైన పాఠశాలలకు ఈ యంత్రములనే పంచిరి. మన దేశములో ఎందరో విద్యార్థులు మొట్టమొదట చూచిన కంప్యూటరు ఇదియే. దాని జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. నేడు మన ఫోనులోని ఒక్క ఫోటో కూడ అందులో పట్టదు. ఐనను బేసిక్ భాషలో లెక్కలు చేయించుటకు, గీతలు గీయించుటకు అది చాలును. వయస్సున అది నాకన్న పెద్దది.

మిత్రులు దుమ్ము దులిపి, పిల్లల యెదుట ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసిరి. ఆశ్చర్యము! బీప్‌మని రెండు స్వరములు వినిపించినవి, టి.వి. తెరపై అక్షరములు కనిపించినవి. పిల్లలు చప్పట్లు కొట్టిరి. ఇరువది నిమిషములైన తరువాత టప్పుమను శబ్దము వచ్చినది. యంత్రపు చీలికలనుండి దట్టమైన తెల్లని పొగ, ముక్కు మండించు వాసన గది అంతయు నిండినవి. మిత్రులు వెంటనే ప్లగ్గు లాగివేసిరి. ముందు వరుసలోని పిల్లవాడొకడు మూత తీయుటకు చేయి చాచెను. వానిని వెనుకకు లాగవలసి వచ్చినది.

"సార్, దీన్ని పాత ఇనుప సామాన్లవాళ్లకు ఇచ్చేద్దామంటున్నారు. మీరొకసారి చూస్తారా?" అని మిత్రులు అడిగిరి. నేను మరునాడే ప్రొద్దుటూరునుండి బయలుదేరితిని. ఆ పొగ యంత్రపు మరణవార్త కాదని, ఆ పిల్లవాడు చాచిన చేయియే అసలు భయపడవలసిన సంగతియని నాకు తెలియును.

పెట్టెలో జరుగు పని

సాకెట్టులోనిది ఏకాంతర ప్రవాహము. సెకనుకు 50 ఆవర్తనములు చేయును. చిప్పులకు కావలసినది ఏకముఖ ప్రవాహము. ఒకదానిని రెండవదానిగా మార్చుటకు రెండు పద్ధతులు కలవు.

మొదటిది పాత పద్ధతి. ఇనుప దిమ్మెగల ట్రాన్స్‌ఫార్మరు 230 వోల్టులను సుమారు 9 వోల్టులకు దించును. నాలుగు డయోడుల ఏకధిక్కరణి ఆ ప్రవాహమును ఒకే దిశకు మరల్చును. ఐతే అది ఇంకను సమముగా ఉండదు. సెకనుకు 100 మారులు లేచి పడుచుండును. ఈ ఎగుడుదిగుడును సరిచేయునది కెపాసిటరు, అనగా మన పాఠ్యపుస్తకములలోని క్షమశీలి. వాన కురిసినప్పుడు నిండి, కురియనప్పుడు కాలువకు నీరిచ్చు చెరువువలె, అది వోల్టేజి శిఖరమున నిండి, లోయలో ఇచ్చును. చివర నియంత్రకమను చిప్పు మిగులు వోల్టేజిని వేడిగా మార్చి, సరిగా 5 వోల్టులను బయటికి పంపును.

ఒక లెక్క వేయుదము. యంత్రము 1 ఆంపియరు లాగుచున్నది. కెపాసిటరు 4,700 మైక్రోఫారడ్లది. రెండు శిఖరముల నడుమ కాలము సెకనులో నూరవ వంతు. ప్రవాహమును కాలముచే గుణించి క్షమతచే భాగించినచో, ఆ వ్యవధిలో తగ్గు వోల్టేజి వచ్చును. అది సుమారు 2.1 వోల్టులు. శిఖరము 10 వోల్టులైనచో లోయ 7.9 వోల్టులు. సాధారణ 5 వోల్టుల నియంత్రకమునకు లోపలికి కనీసము 7 వోల్టులు కావలెను గనుక పని సాగును. కెపాసిటరు ముసలిదై దాని క్షమత సగమైనదనుకొందము. అప్పుడు తరుగుదల 4.3 వోల్టులు, లోయ 5.7 వోల్టులు. సెకనుకు 100 మారులు చిప్పులకు చాలినంత వోల్టేజి అందదు. యంత్రము పిచ్చి అక్షరములు చూపును, లేదా తనంతట తాను మొదటికి వచ్చును. చూచువారు కంప్యూటరు చెడినదందురు. చెడినది ఒక కెపాసిటరు.

ఇందులో మరియొక చిక్కు కలదు. పులివెందుల పరిసరములలోని చీనీ తోటలలో, అరటి తోటలలో మోటార్లన్నియు ఒక్కసారిగా మొదలైనప్పుడు దీపములు మసకబారుట మనమెరుగుదుము. 230 వోల్టులు 180కి పడినచో, పై లెక్కలోని 10 వోల్టుల శిఖరము 7.8కి పడును. అప్పుడు కొత్త కెపాసిటరున్నను లోయ 7 వోల్టులకు దిగువనే ఉండును.

రెండవది స్విచ్చింగు పద్ధతి. బి.బి.సి. మైక్రో మొదటి యంత్రములు కొన్నింటిలో పాత పద్ధతి పెట్టెయే ఉండెను. పిమ్మట వచ్చినవాటిలో ఈ పద్ధతిని వాడిరి. ఇందులో 230 వోల్టులను మొదట దించరు. నేరుగా ఏకధిక్కరణికిచ్చి, పెద్ద కెపాసిటరులో నింపుదురు. 230 అనునది సగటు విలువవంటిది; దాని శిఖరము 1.414 రెట్లు, అనగా 325 వోల్టులు. ఈ 325 వోల్టుల ఏకముఖ ప్రవాహమును ఒక ట్రాన్సిస్టరు సెకనుకు వేలకొలది మారులు తెంపి కలుపుచుండును. పౌనఃపున్యము అంత హెచ్చుగా ఉండుటచే అగ్గిపెట్టె అంత ట్రాన్స్‌ఫార్మరు చాలును. బయటి వోల్టేజి తగ్గినచో కలిపి ఉంచు కాలము పెరుగును, హెచ్చినచో తగ్గును. అందుచే గోడలో వోల్టేజి కొంత ఊగిసలాడినను చిప్పులకు 5 వోల్టులే అందును. వ్యర్థమగు వేడియు తక్కువ. బి.బి.సి. మైక్రో పెట్టె 5 వోల్టుల వద్ద 3.75 ఆంపియర్ల వరకు ఇచ్చును. కొన్ని ఇతర పనులకై ఋణ 5 వోల్టులను, డిస్కు యంత్రమునకై 12 వోల్టులను కూడ ఇచ్చును.

సుగుణములున్నచోటనే అపాయమును కలదు. పాత పద్ధతిలో ట్రాన్స్‌ఫార్మరు దాటిన తరువాత అంతయు 9 వోల్టులే. స్విచ్చింగు పెట్టెలో సగము భాగము 325 వోల్టులతో నిండియుండును.

తడి ఆరిపోవు భాగము

ఇంత పనిచేయు కెపాసిటరు ఎట్లు ముసలిదగును? పెట్టెలోని పెద్ద కెపాసిటరులు విద్యుద్విశ్లేష్య జాతివి. అల్యూమినియము రేకులను, ద్రవములో తడిపిన కాగితమును చాపచుట్టవలె చుట్టి, చిన్న డబ్బాలో మూసియుంచుదురు. ఒక రేకుపై నున్న అతి పలుచని ఆక్సైడు పొరయే విద్యుద్రోధకము. రెండవ పలకగా పనిచేయునది ఆ ద్రవమే. డబ్బా అడుగున రబ్బరు బిరడా ఉండును. ఏండ్లు గడచిన కొలది ద్రవము ఆవిరియై ఆ రబ్బరు గుండా కొద్ది కొద్దిగా తప్పించుకొనును. అప్పుడు క్షమత తగ్గును. అంతకన్న ముఖ్యముగా లోపలి నిరోధము పెరుగును. స్విచ్చింగు పెట్టెలో ఇదియే పెద్ద చేటు. లోపలి నిరోధము 0.05 ఓము ఉన్నప్పుడు 1 ఆంపియరు అల కలిగించు ఒడిదుడుకు 0.05 వోల్టు. అదే 1 ఓము ఐనచో ఒడిదుడుకు 1 వోల్టు. 5 వోల్టులపై 1 వోల్టు అల పారుచుండగా ఏ చిప్పు లెక్క తప్పకుండును?

ప్రొద్దుటూరులో రేడియోలు, టి.వి.లు బాగుచేయు పెద్దాయన ఒకరు ఇదంతయు ఒక్క మాటలో చెప్పిరి: "సారూ, మిషను చచ్చిపోలేదు. లోపల తడి ఆరిపోయింది, అంతే."

తడి ఆరు వేగము వేడిని బట్టి యుండును. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు హెచ్చినచో ఈ కెపాసిటరుల ఆయువు సుమారు సగమగునని ఇంజనీర్లు లెక్కకట్టుదురు. 85 డిగ్రీల వద్ద 2,000 గంటలని నిర్ణయించిన కెపాసిటరును తీసికొందము. పెట్టె లోపలి వేడి గది వేడికన్న 15 డిగ్రీలు ఎక్కువయనుకొందము. కేంబ్రిడ్జిలో 20 డిగ్రీల గదిలో కెపాసిటరు ఉష్ణోగ్రత 35. అది 85కన్న 50 డిగ్రీలు తక్కువ; కాబట్టి ఆయువు అయిదుమారులు రెట్టింపై 64,000 గంటలగును. మన జిల్లాలో వేసవి గది 40 డిగ్రీలు. కెపాసిటరు ఉష్ణోగ్రత 55. ఆయువు మూడుమారులే రెట్టింపై 16,000 గంటలగును. అదే వస్తువు, అదే పని. ఆయువు నాలుగవ వంతు. గాలి రంధ్రములలో మన ఎఱ్ఱమట్టి దుమ్ము పేరుకొన్నచో ఇంకను తక్కువ.

వాడక ఊరక ఉంచినను మేలులేదు. వోల్టేజి లేనప్పుడు ఆక్సైడు పొర మెల్లమెల్లగా బలహీనపడును. పూర్తి వోల్టేజి ఒక్కసారిగా తగిలినచో అధిక ప్రవాహము కారి, వేడెక్కి, డబ్బా ఉబ్బవచ్చును.

పొగ ఎక్కడిది?

మూత తీసి చూడగా పెద్ద కెపాసిటరులు పైకి బాగుగనే ఉన్నవి. పొగ వచ్చినది వేరొక చోటునుండి. విద్యుత్తు లోనికి వచ్చుచోట, రెండు తీగల నడుమ, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరొకటి, 0.01 మైక్రోఫారడ్ కెపాసిటరొకటి ఉండును. స్విచ్చింగు వలన పుట్టు రేడియో అలజడి ఇంటి తీగలలోనికి పోకుండ ఆపుట వాటి పని. ఆ కాలమున వాటిని లోహపు పూతగల కాగితముతో చేసి, పారదర్శకమగు రెజినులో పోతపోసెడివారు. ఏండ్లు గడచిన కొలది రెజిను పగులును. వెంట్రుకవంటి ఆ పగుళ్లగుండా గాలిలోని చెమ్మ లోనికి చేరి, కాగితము దానిని పీల్చుకొనును. చెమ్మ పట్టిన కాగితమునకు 230 వోల్టులు తగిలినచో అది వేడెక్కి, కాలి, పగులును. ఇరువది నిమిషములు ఆగి పొగ వచ్చుటకు కారణమిదియే.

ఇందులో ఒక ఓదార్పు కలదు. ఈ రెండును లేకపోయినను కంప్యూటరు నడచును. రేడియోలో గురగుర మాత్రము హెచ్చును. కనుక పొగ చూచి యంత్రమును పారవేయనక్కరలేదు. అట్లని పొగ ఆరిన పిమ్మట మరల స్విచ్చి వేయరాదు. కాలిన మసి విద్యుత్తునకు దారియగును; నిప్పు పుట్టవచ్చును.

ప్లగ్గు తీసినంత మాత్రమున

ఆ పిల్లవాడు చాచిన చేయి సంగతికి వత్తము. ప్లగ్గు తీసినంతనే పెట్టెలో విద్యుత్తు పోయినదని అనుకొనుట పొరపాటు. 220 మైక్రోఫారడ్ల కెపాసిటరు 325 వోల్టులతో నిండియున్నదనుకొనుడు. క్షమతను వోల్టేజి వర్గముచే గుణించి సగము చేసినచో అందలి శక్తి వచ్చును. అది సుమారు 11.6 జౌళ్లు. ఒక కిలో బరువు 1.2 మీటర్ల ఎత్తునుండి పడినప్పటి శక్తి. అది ఒక చేతినుండి రెండవ చేతికి, గుండె మీదుగా, క్షణములో పారినచో ఏమగునో ఊహింపవచ్చును.

నేనును తప్పు చేసినవాడనే. కొన్నేండ్ల క్రిందట ఇటువంటి పెట్టెనే తెరచి, కొందరు మెకానిక్కులు చేయునట్లు, స్క్రూడ్రైవరుతో కెపాసిటరు కాళ్లు రెండును కలిపితిని. తుపాకి పేలినట్లు శబ్దమైనది. స్క్రూడ్రైవరు మొనలో గుంటపడినది. నా చేయి పిడిని దాటి ముందుకుండియుండినచో ఈ వ్యాసము వ్రాయువాడు ఉండకపోవచ్చును.

సరియైన మార్గము నిరోధకము. 10 కిలోఓములు, 10 వాట్ల నిరోధకమును, బంధకపు పూతగల పొడుగు తీగలతో కెపాసిటరు కాళ్లకు తగిలింపవలెను. నిరోధమును క్షమతచే గుణించినచో 2.2 సెకన్లు వచ్చును. దానికి అయిదు రెట్లు, అనగా 11 సెకన్లలో వోల్టేజి నూరవ వంతుకన్న తగ్గును. అర నిమిషముంచి, పిమ్మట మీటరుతో కొలిచి, 5 వోల్టులలోపు ఉన్నదని చూచిన తరువాతనే చేయి పెట్టవలెను. ఒంటరిగా పనిచేయరాదు. విద్యార్థులు ఈ పెట్టెను తెరువనే తెరువరాదు. ఉపాధ్యాయులైనను ఇట్టి పని తెలిసినవారిని ప్రక్కన ఉంచుకొనవలెను.

మరమ్మతు

మొదట ప్రతి తీగను గుర్తించి బొమ్మ గీసికొంటిమి. బి.బి.సి. మైక్రోలో పెట్టెనుండి పలకకు 5 వోల్టుల ఎఱ్ఱతీగలు మూడు, సున్న వోల్టుల నల్లతీగలు మూడు, ఋణ 5 వోల్టుల ఊదారంగు తీగ ఒకటి పోవును. ఒకటి మారినను చిప్పులు పోవును.

పిమ్మట సామగ్రి. 220 మైక్రోఫారడ్లది ఒకటి, 5 వోల్టుల వైపు నున్న తక్కిన విద్యుద్విశ్లేష్య కెపాసిటరులు ప్రొద్దుటూరులోనే దొరికినవి. క్షమత అంతే ఉండవలెను. వోల్టేజి అంతేగాని అంతకు మించిగాని ఉండవలెను. 85 డిగ్రీలది కాక 105 డిగ్రీలది కావలెను. మన వేసవికి అదియే తగినది. పైన చెప్పిన లెక్క ప్రకారము ఆ 20 డిగ్రీలు ఆయువును నాలుగు రెట్లు చేయును. లోపలి నిరోధము తక్కువగా ఉండు రకమునే అడుగవలెను.

230 వోల్టుల తీగల నడుమ ఉండవలసిన వానికి మామూలు కెపాసిటరు పనికిరాదు. దానిపై 'ఎక్స్2' అను గుర్తు, 275 వోల్టులు అను సంఖ్య ఉండవలెను. చెడినను నిప్పు అంటుకొనకుండునట్లు పరీక్షించిన తరగతి అది. 0.1 మైక్రోఫారడ్‌ది పులివెందులలో మిక్సీలు బాగుచేయు అంగడిలో దొరికినది. మిక్సీ మోటారు అలజడిని ఆపుటకు దానినే వాడుదురు. పాత మిక్సీనుండి ఊడదీసినది కాదు, కొత్తదే కొనవలెను. 0.01 మైక్రోఫారడ్‌ది మూడు ఊళ్లలోను దొరకక టపాలో తెప్పించితిమి.

టంకము వేయుట ప్రొద్దుటూరువారికి కొత్తగాదు. కంసాలి నగకు టంకము వేయునప్పుడు రెండు ముక్కలును సమముగా వేడెక్కువరకు ఆగును. ఇక్కడను అంతే: కాలును, రాగి రేకును కలిపి వేడిచేసినచో తగరపు టంకము తానే పారి మెరయును. ముద్దగా నిలిచి మసకగా ఉన్నచో అది కలియలేదన్నమాట. కెపాసిటరు డబ్బాపై నున్న గీత ఋణధ్రువమును తెలుపును. తారుమారైనచో డబ్బా పేలును.

ఫ్యూజు పోయినచో అదే విలువగల ఫ్యూజునే వేయవలెను. ఫ్యూజు బదులు రాగితీగ చుట్టు అలవాటు మన ఇండ్లలో కలదు. ఇక్కడ ఆ పని చేయుట నిప్పును పిలుచుటయే. మూడవ పిన్ను, అనగా ఎర్తు, నిజముగా భూమికి చేరియున్నదా యని కూడ చూడవలెను. ఎర్తులేని సాకెట్టులో ఇట్టి పెట్టెల లోహపు డొక్క ముట్టుకొన్న చేయి జివ్వుమనుట సామాన్యము.

పరీక్ష

బాగుచేసిన పెట్టెను నేరుగా కంప్యూటరుకు తగిలింపరాదు. 230 వోల్టుల తీగలో 60 వాట్ల పాత తంతువు బల్బును శ్రేణిలో కలుపవలెను; ఎల్.ఇ.డి. బల్బు పనికిరాదు. పెట్టెలో ఎక్కడైన రెండు తీగలు కలిసిపోయినచో బల్బు నిండుగా వెలుగును. పావు ఆంపియరుకు మించి పారనీయదు. అంతా సరిగా ఉన్నచో బల్బు ఒక్కసారి మెరసి మసకబారును. 5 వోల్టుల తీగలకు కంప్యూటరు బదులు 5 ఓములు, 10 వాట్ల నిరోధకము తగిలించినచో 1 ఆంపియరు పారును. భారము లేకుండ కొన్ని స్విచ్చింగు పెట్టెలు సరిగా పనిచేయవు.

మాకు బల్బు మెరసి మసకబారినది. మీటరు 5.1 వోల్టులు చూపినది. అరగంట ఆగితిమి; అంకె మారలేదు. బల్బు తీసివేసి మరల కొలిచితిమి. అప్పుడే కంప్యూటరును కలిపితిమి.

బాగుచేయుటయా, మార్చుటయా?

అన్ని పెట్టెలను బాగుచేయనక్కరలేదు. కొన్నింటిని మార్చుటయే మేలు. 1982లో వెలువడిన కమొడోర్ 64 పెట్టె బయట ఉండును. అది 5 వోల్టుల ఏకముఖ ప్రవాహమును, 9 వోల్టుల ఏకాంతర ప్రవాహమును ఇచ్చును. వాటిలో పెక్కింటిని రెజినుతో నింపి మూసిరి. తెరచుటకు వీలులేదు, వేడి బయటికి పోదు. లోపలి నియంత్రకము చెడినప్పుడు 5 వోల్టులు హెచ్చి జ్ఞాపక చిప్పులను కాల్చివేయుట ప్రసిద్ధము. అట్టి పెట్టెను ప్రక్కన పెట్టి, అవే వోల్టేజిలనిచ్చు కొత్తది వాడవలెను.

అదే సంవత్సరము వచ్చిన సింక్లెయిర్ స్పెక్ట్రముది వేరు సంగతి. దాని బయటి పెట్టె 9 వోల్టులను మాత్రమే ఇచ్చును. 5కు దించు నియంత్రకము కంప్యూటరు లోపలనే ఉండును. పాత పెట్టె తీసి అంగడిలోని 9 వోల్టుల అడాప్టరు తగిలింపవచ్చును గాని ఒక మెలకువ కావలెను: నేటి అడాప్టరులలో పెక్కింటికి ప్లగ్గు నడిమి భాగము ధనము, స్పెక్ట్రమునకు నడుమ ఋణము. చూడక పెట్టినచో యంత్రము చెడును. కొత్త పెట్టె ఎంచునపుడు వోల్టేజి సరిగా అంతే ఉండవలెను, ఆంపియర్లు అంతేగాని ఎక్కువగాని ఉండవచ్చును, ధ్రువములు తప్పరాదు.

తరగతిలో చేయదగినది

పెట్టె తెరువకయే విద్యార్థులు ఇందలి శాస్త్రమును చూడవచ్చును. 9 వోల్టుల బ్యాటరీ, 16 వోల్టులు 4,700 మైక్రోఫారడ్ల కెపాసిటరు, 1 కిలోఓము నిరోధకము, ఒక ఎల్.ఇ.డి. తెండు. ధ్రువములు చూచి కెపాసిటరును బ్యాటరీతో నింపి, బ్యాటరీ తీసివేసి, నిరోధకము ద్వారా ఎల్.ఇ.డి.కి కలుపుడు. దీపము ఒక్కసారి ఆరదు. కొన్ని సెకన్లు మెల్లగా మసకబారుచు పోవును. పాత రేడియోనుండి తీసిన అదే విలువగల కెపాసిటరుతో మరల చేసి కాలము కొలువుడు. పాతది త్వరగా ఆరినచో దాని తడి ఎంత ఆరినదో గడియారమే చెప్పును. ప్లగ్గు తీసిన పెట్టెలో విద్యుత్తు ఎట్లు నిలుచునో కూడ ఆ వెలుగే చెప్పును.

జమ్మలమడుగులోని యంత్రము ఇప్పుడు పాత ఇనుముతో పోలేదు. నెలకొకసారి దానిని నడిపించుచున్నారు. ఆ నడపుటయే ఆక్సైడు పొరకు మందు. ఆనాడు చేయి చాచిన పిల్లవాడే ఇప్పుడు క్రొత్తగా వచ్చినవారిని ఆపి, ప్లగ్గు తీసిన తరువాత ఎంతసేపు ఆగవలెనో, ఏల ఆగవలెనో చెప్పుచున్నాడట.